భుజం మీద మచ్చ ఉంటే టీబీ రాదా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు టీబీ టీకా బీసీజీ గురించే. మామూలుగా బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పుల మధ్య ఒకటో రెండో టీబీ ప్రశ్నలు ఉంటాయి. ఈసారి అవే ఎక్కువ కాబట్టి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాను. పేరు వేయొద్దని దాదాపు అందరూ కోరారు. అది చూసి బాధనిపించింది, ఎందుకంటే షుగర్ గురించి రాసేవాళ్లు ఎవరూ పేరు దాచమని అడగరు. సరే, ఊళ్ల పేర్లు మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న (ఆదోని): డాక్టరు గారూ, నాకు 29 ఏళ్లు. ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ స్పష్టంగా ఉంది. దగ్గు ఎంతకీ తగ్గకపోతే కళ్లె పరీక్ష చేసి ఊపిరితిత్తుల టీబీ అన్నారు. మందులు మొదలుపెట్టాను. చిన్నప్పుడు టీకా వేయించినా ఇది ఎట్లా వచ్చింది? అప్పుడు వేసింది సరైన మందు కాదేమోనని మా అమ్మ అనుమానం. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. పాపను దగ్గరికి తీసుకోవాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ అమ్మగారికి ముందు ఈ మాట చెప్పండి. ఆ మందు మంచిదే, వేసిన నర్సమ్మ తప్పు కూడా ఏమీ లేదు. మచ్చ పడిందంటే ఆ రోజు మందు చర్మంలోకి సరిగ్గానే వెళ్లింది. కాకపోతే ఆ టీకా చేయగలిగిన పని ఒకటి, మనం దాని మీద పెట్టుకున్న ఆశ ఇంకొకటి.

టీబీ క్రిమి గాలిలో వస్తుంది. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు కూడా కంటికి కనపడనంత సన్నటి తుంపర్లు గాలిలో కలుస్తాయి, అవి పీలిస్తే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. చాలామందిలో శరీరం దాని చుట్టూ గోడ కట్టేసి అక్కడే బంధిస్తుంది. క్రిమి చావదు, అట్లాగని జబ్బూ చేయదు, ఏళ్ల తరబడి అట్లాగే పడి ఉంటుంది. ఇట్లా ఒంట్లో క్రిమి చేరిన నూరు మందిలో జీవితకాలం మొత్తం మీద 5 నుంచి 10 మందికే జబ్బుగా బయటపడుతుంది. తిండి సరిగ్గా లేకపోయినా, షుగర్ అదుపు తప్పినా, హెచ్‌ఐవీ ఉన్నా, తాగుడు, పొగ ఉన్నా ఆ గోడ బలహీనపడుతుంది.

పసిబిడ్డల సంగతి వేరు. వాళ్ల శరీరానికి ఆ గోడ కట్టడం ఇంకా సరిగ్గా రాదు. క్రిమి నేరుగా రక్తంలో పడి మెదడు పొరలకు పాకుతుంది, లేదా ఒళ్లంతా ఒకేసారి చిమ్ముకుంటుంది. మెడ వెనక్కి విరుచుకుని, కళ్లు ఒక పక్కకు నిలిపేసి, తల్లి పిలిచినా పలకని బిడ్డను పిల్లల వార్డులో ఒక్కసారి చూసినవాళ్లెవరూ ఈ టీకాను తేలిగ్గా తీసిపారేయరు. బతికి బయటపడ్డవాళ్లలో కూడా కొందరికి చూపు పోతుంది, కొందరికి వినికిడి పోతుంది, కొందరు మళ్లీ నడవలేరు. బీసీజీ ముఖ్యంగా ఆపేది ఈ రెండింటినే. మెదడు టీబీ, ఒళ్లంతా పాకే టీబీ, ఈ రెండింటి నుంచి చంటిపిల్లలకు 70–80 శాతం దాకా రక్షణ ఇస్తుందని రకరకాల దేశాల్లో తేలింది. మనం పుట్టగానే టీకా వేయించేది అందుకే.

పెద్దయ్యాక వచ్చే ఊపిరితిత్తుల టీబీ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. 1950లలో బ్రిటన్‌లో 14, 15 ఏళ్ల పిల్లలకు వేస్తే మూడొంతులకు పైగా రక్షణ కనపడింది. అదే టీకా మన పక్కనే తమిళనాడులో పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని ఏమాత్రం ఆపలేదు (దాని గురించి కింద ఇంకో జవాబులో రాశాను). కాబట్టి ఇరవై తొమ్మిదేళ్ల కిందట వేసిన టీకా ఈ రోజు మీకు అడ్డుపడలేదంటే ఆశ్చర్యం ఏమీ లేదు. అది మీకు అక్కరకొచ్చే వయసులో మిమ్మల్ని కాపాడే ఉంటుంది.

ఇక పాప సంగతి. పుట్టగానే టీకా వేయించారు కదా, చాలు అనుకోవద్దు. రేపే తీసుకెళ్లి పరీక్ష చేయించండి. పాపకు జబ్బు లేదని తేలితే, రాకుండా ముందు జాగ్రత్తగా ఇచ్చే మందు ఉంది, ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఉచితంగా ఇస్తారు. ఇంట్లో మిగతావాళ్లకు కూడా అంతే, ముందు పరీక్ష, ఆ తర్వాత అవసరాన్ని బట్టి మందు. మీ మందులు మొదలైన తొలి వారాల్లో మాస్కు పెట్టుకోండి, వేరే గదిలో పడుకోండి, కిటికీలు తెరిచి ఉంచండి. కంచాలు, గ్లాసులు, బట్టలు వేరు చేయాల్సిన పనేమీ లేదు, టీబీ వాటి ద్వారా అంటదు. ఇట్లా కంచం వేరు పెట్టడం వల్ల జబ్బు ఆగకపోగా మనిషి కుంగిపోతాడు, పక్కింటివాళ్లకు కూడా తెలిసిపోతుందన్న భయంతో మందులు దాచుకుని మింగుతాడు, దాచుకునేవాడు మధ్యలో మానేస్తాడు.

మానేయడం అనగానే ఇంకో విషయం. ఆరు నెలల కోర్సు మీది, మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు. మొదటి రోజుల్లోనే మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది, అది మందు రంగు, భయపడొద్దు. రెండు నెలలు తిరిగేసరికి దగ్గు పోతుంది, ఆకలి పుడుతుంది, ఒళ్లు చేస్తుంది, సరిగ్గా అక్కడే చాలామంది 'తగ్గిపోయింది కదా' అని ఆపేస్తారు. దయచేసి ఆపొద్దు. పోషకాహారానికి నిక్షయ్ పోషణ్ అనే ప్రభుత్వ పథకం కింద నెలకు వెయ్యి రూపాయలు మీ బ్యాంకు ఖాతాలో పడాలి, 2024 నవంబరు దాకా అది 500 ఉండేది. పడకపోతే మందులిచ్చే చోట అడగండి, అది మీ హక్కు.

ప్రశ్న (ప్రొద్దుటూరు): మా మనవడికి పుట్టిన రోజే భుజానికి సూది వేశారు. ఇప్పుడు నెల మీద పదిహేను రోజులు. సూది వేసిన చోట గడ్డలా లేచి చీము వస్తోంది. మా కోడలు ఏడుస్తోంది. ఒకరు పసుపు నూరి పెట్టమంటారు, ఒకరు ఆకుపసరు కట్టమంటారు. సెప్టిక్ అయిందేమోనని మెడికల్ షాపులో పౌడర్ కూడా తెచ్చాం. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఏమీ చేయొద్దు. పసుపు వద్దు, పసరు వద్దు, ఆ పౌడర్ కూడా వద్దు. మీ మనవడికి టీకా పనిచేస్తోంది, అంతే.

ఈ సూది మిగతా సూదుల్లాంటిది కాదు. కండలోకి వేయరు, చర్మం పొరల మధ్యకే వేస్తారు. నెలలోపు బిడ్డకు మందు 0.05 మిల్లీలీటర్లే, ఒక చుక్క అనుకోండి. సరిగ్గా వేస్తే అప్పటికప్పుడు అక్కడ చిన్న తెల్లటి బుడిపె లేస్తుంది, దాని మీద వెంట్రుకల కుదుళ్లు గుంటలు గుంటలుగా కనిపిస్తాయి, కాసేపట్లో అణిగిపోతుంది. తర్వాత రెండు మూడు వారాలు ఏమీ ఉండదు, ఇంట్లోవాళ్లు సూది సంగతే మర్చిపోతారు. అప్పుడు ఎర్రటి చిన్న గడ్డ మొదలవుతుంది. ఆరో వారానికి 4 నుంచి 8 మిల్లీమీటర్ల దాకా పెరిగి, మెత్తబడి, పగిలి కాస్త చీము వస్తుంది, పక్కు కడుతుంది, రాలుతుంది, మళ్లీ కడుతుంది. మూడు నెలలకు గుండ్రటి మచ్చ మిగులుతుంది. మీరు చెప్పిన నెలా పదిహేను రోజులు అంటే సరిగ్గా ఆ సమయమే.

స్నానం మామూలుగా చేయించండి, మెత్తటి గుడ్డతో అద్దండి, వదులుగా ఉండే చొక్కా వేయండి. పిండొద్దు, గిల్లొద్దు, కట్టు కట్టొద్దు. చంకలో చిన్న గడ్డ తగిలినా చాలావరకు దానంతటదే పోతుంది. అది పెద్దదవుతూ మెత్తబడినా, భుజం మీద పుండు నాలుగు నెలలు దాటినా మానకపోయినా, బిడ్డ పాలు తాగక బరువు తగ్గినా అప్పుడు పిల్లల డాక్టరుకు చూపించండి. మీ కోడలికి ఈ ముక్క సూది వేసిన రోజే ఎవరైనా ఒక్క నిమిషం చెప్పి ఉంటే ఇంత ఏడుపు ఉండేది కాదు. టీకా వేసేవాళ్లందరినీ నేను కోరుకునేది అదే, బిడ్డ చేతికి సూది గుచ్చేముందు తల్లికి నాలుగు ముక్కలు చెప్పండి.

ప్రశ్న (ఎమ్మిగనూరు): మా పాపకు టీకా వేయించాం, కార్డులో రాసి ఉంది, కానీ మచ్చ పడలేదు. మళ్లీ వేయించాలా?

జవాబు: అక్కర్లేదు. కొందరు పిల్లలకు మచ్చ పడదు, అంతమాత్రాన రక్షణ రాలేదని కాదు. రెండోసారి వేయడం వల్ల అదనంగా లాభం ఉందని ఎక్కడా తేలలేదు. కార్డులో నమోదై ఉంటే చాలు, నిశ్చింతగా ఉండండి.

ప్రశ్న (కడప, డిగ్రీ విద్యార్థిని): బీసీజీలో బతికున్న క్రిములే ఉంటాయని మా లెక్చరర్ చెప్పారు. పసిబిడ్డకు బతికున్న టీబీ క్రిమి ఎక్కించడం ప్రమాదం కాదా? జర్మనీలో ఈ టీకా వల్లే పిల్లలు చనిపోయారని చదివాను. నిజమేనా?

జవాబు: రెండూ నిజమే, కానీ పూర్తి కథ తెలియాలి. నాకు ఇష్టమైన కథ కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

టీబీకి కారణమైన క్రిమిని జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న లోకానికి చూపించాడు, ప్రపంచ టీబీ దినం ఆ తేదీనే జరుపుకునేది అందుకే. క్రిమి దొరికింది కదా, ఇక టీకా వచ్చేస్తుందని అందరూ అనుకున్నారు, కానీ దానికి దాదాపు 40 ఏళ్లు పట్టింది. ఫ్రాన్స్‌లో లీల్ అనే ఊరు ఉంది, అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆల్బెర్ కాల్మెట్ అనే డాక్టరు, కమీల్ గెరాన్ అనే పశువైద్యుడు కలిసి పనిచేసేవాళ్లు. వాళ్లు తీసుకున్నది మనుషుల టీబీ క్రిమి కాదు, ఆవులకు వచ్చే టీబీ క్రిమి. దాన్ని గ్లిజరిన్‌లో ఉడికించిన బంగాళాదుంప ముక్కల మీద పెంచేవాళ్లు. క్రిములు ముద్దలు ముద్దలుగా అంటుకుపోతుంటే విడిపోవాలని ఎద్దు పైత్యరసం కలిపారు. అదే కలిసొచ్చింది. పైత్యరసంలో పెరిగే కొద్దీ క్రిమి మెత్తబడుతోందని, పశువులకు ఎక్కిస్తే దానికి జబ్బు చేసే శక్తి తగ్గుతోందని గమనించారు. అంతే, 1908 నుంచి మూడు వారాలకోసారి పాత దుంప ముక్క మీది క్రిమిని కొత్త ముక్క మీదికి మార్చడం మొదలుపెట్టారు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, లీల్ ఊరు జర్మన్ సైన్యం చేతికి పోయింది, తినడానికే కరువైన ఆ రోజుల్లో కూడా వాళ్లు ఆ మార్పిడి ఆపలేదు. 13 ఏళ్లు, 230 సార్లు. ఆఖరుకు ఏ జంతువుకు ఎక్కించినా జబ్బు చేయని క్రిమి తయారైంది. వాళ్లిద్దరి పేర్లే దానికి నిలిచాయి.

1921లో పారిస్‌లో ఒక పసిబిడ్డకు మొదటిసారి ఇచ్చారు. ఆ బిడ్డ తల్లి టీబీతోనే కన్నుమూసింది, పెంచాల్సిన అమ్మమ్మకు కూడా టీబీయే. వదిలేస్తే బిడ్డ దక్కడం కష్టమని తెలిసి, డాక్టర్ వైల్-హాలే ధైర్యం చేశాడు. అప్పట్లో సూది కాదు, నోటి ద్వారానే పట్టారు. ఆ బిడ్డకు టీబీ రాలేదు. ఆ తర్వాత కొన్నేళ్లలోనే ఫ్రాన్స్‌లో లక్ష మందికి పైగా పిల్లలకు వేశారు.

ఇప్పుడు మీరు చదివిన జర్మనీ సంగతి. లూబెక్ అనే ఊళ్లో 1929 చివర, 1930 మొదట్లో 250 మంది శిశువులకు ఈ మందు పట్టారు. అందులో 70 మందికి పైగా చనిపోయారు. ప్రపంచమంతా గగ్గోలెత్తింది. విచారణలో తేలింది ఏమిటంటే, అక్కడి ల్యాబ్‌లో అసలైన, జబ్బు చేసే మనుషుల టీబీ క్రిమిని కూడా పెట్టుకున్నారు, అది టీకా మందులో కలిసిపోయింది. కోర్టు ఇద్దరు డాక్టర్లకు జైలు శిక్ష వేసింది. టీకాలో దోషం లేదని తేలినా ఆ మాట ఊళ్లకు చేరడానికి ఏళ్లు పట్టింది. కాల్మెట్ 1933లో పోయాడు. గెరాన్ మాత్రం 1961 దాకా బతికి, తన టీకా కోట్ల మంది పిల్లలకు అందడం చూశాడు.

ఇక మీ అసలు ప్రశ్న, ప్రమాదం కాదా అని. ఆ 230 మార్పిళ్లలో క్రిమి జన్యువుల్లో కొంత భాగం శాశ్వతంగా ఊడిపోయింది. జబ్బు చేయడానికి కావలసిన భాగాల్లో ముఖ్యమైనది అదేనని 1990లలో జన్యు పరీక్షలు చేసి కనుక్కున్నారు. పోయిన ముక్క తిరిగి రాదు. కాబట్టి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు ఇది ప్రమాదం కాదు. రోగనిరోధక శక్తి పుట్టుకతోనే లేని పిల్లలకు, హెచ్‌ఐవీ లక్షణాలు బయటపడిన పిల్లలకు మాత్రం వేయకూడదు.

ఇంకో చిన్న విశేషం. ముంజేతికి వేసి మూడో రోజు చూసే పాత మాంటూ పరీక్ష టీకా వేసుకున్నవాళ్లలో కూడా పాజిటివ్ చూపించే అవకాశం ఉంది, దాంతో గందరగోళం. ఇప్పుడు వచ్చిన సై-టీబీ లాంటి కొత్త చర్మ పరీక్షల్లో బీసీజీ పోగొట్టుకున్న ఆ ముక్కకు చెందిన ప్రొటీన్లనే వాడతారు, అందుకే టీకా వల్ల అవి పొరపడవు. బయాలజీ చదువుతున్నారు కాబట్టి ఇది మీకు నచ్చుతుందని చెప్తున్నాను.

ప్రశ్న (అనంతపురం, రిటైర్డ్ ఉపాధ్యాయుడు): నేను 1950లలో బడిలో ఉండగా జీపులో వచ్చి ముంజేతికి ఒక సూది వేసేవాళ్లు, మూడు రోజులకు మళ్లీ వచ్చి తడిమి చూసి, కొందరికి భుజానికి ఇంకో సూది. పిల్లలం గోడ దూకి చెరువు గట్టుకు పారిపోయేవాళ్లం. రాజాజీ అంతటివాడే ఈ టీకా వద్దన్నాడని మా నాయన చెప్పేవాడు. మదనపల్లెలోనే ఇది మొదలైందని కూడా విన్నాను. ఈ రెండింట్లో నిజమెంత?

జవాబు: మాస్టారూ, మీ జ్ఞాపకం సరైనదే, మీ నాయనగారు చెప్పిందీ నిజమే.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ శానిటోరియం ఎంత పేరుమోసిందో మీ తరానికి చెప్పక్కర్లేదు. మందులు లేని కాలంలో పొడిగాలి, ఎండ, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. దేశం నలుమూలల నుంచి వచ్చేవాళ్లు. ఫ్రిమొట్-మోలర్ అనే డెన్మార్క్ డాక్టర్లు, ముందు తండ్రి, తర్వాత కొడుకు, దాన్ని నడిపించారు. 1948లో మన దేశంలో బీసీజీని మొదట ప్రయోగంగా వేసిన రెండు చోట్లలో ఒకటి ఇదే. అదే ఏడాది మద్రాసు గిండీలో టీకా తయారుచేసే ల్యాబ్ కూడా పెట్టారు. మన రాయలసీమ వాళ్లకు ఈ సంగతి తెలియాలి. దేశంలో బీసీజీ చరిత్ర రాస్తే మొదటి పేజీలో మన ఊరు ఉంటుంది, కానీ మన పిల్లల పాఠాల్లో ఎక్కడా కనపడదు.

1951 నుంచి దేశమంతా పెద్ద ఎత్తున మొదలైంది. మీరు చెప్పిన జీపులు ఆ దళాలవే. ముంజేతి సూది టీబీ క్రిమి ఇదివరకే ఒంట్లో ఉందో లేదో చూసే పరీక్ష. వాపు వచ్చినవాళ్లకు ఇప్పటికే క్రిమి చేరిందని అర్థం, వాళ్లకు టీకా వేసేవాళ్లు కాదు, రానివాళ్లకే భుజానికి వేసేవాళ్లు. అందుకే మీ క్లాసులో కొందరికే రెండో సూది.

రాజాజీ వ్యతిరేకించింది 1955లో. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. అప్పటికి ఆయన గవర్నర్ జనరల్‌గా, మద్రాసు ముఖ్యమంత్రిగా చేసి దిగిపోయారు. ఆయన మాట అంటే జనంలో గురి ఉండేది. బతికున్న క్రిములను, ఫలితం పూర్తిగా తేలకముందే కోట్ల మంది మీద వేయడం సరికాదని ఆయన వాదన, దాని మీద ఒక చిన్న పుస్తకమే వేశారు. కేంద్రంలో ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్ టీకా పక్షాన గట్టిగా నిలబడ్డారు, కార్యక్రమం ఆగలేదు.

నా ఉద్దేశం అడిగితే, రుజువు చూపించండి అన్న రాజాజీ ప్రశ్న న్యాయమైనదే, దాన్ని చాదస్తం అని కొట్టిపారేసిన వాళ్లది తప్పు. అయితే ఆయన మాట విని మొత్తంగా ఆపేసి ఉంటే మెదడు టీబీతో పోయే పసిబిడ్డల లెక్క ఎవరు చెప్పేవాళ్లు? ఆ రుజువు కోసం మన శాస్త్రవేత్తలు నిజంగానే పూనుకున్నారు. 1968లో తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లాలో రెండున్నర లక్షల మందికి పైగా జనం మీద అధ్యయనం మొదలుపెట్టారు, కొందరికి టీకా, కొందరికి ఉత్త నీళ్లమందు, ఎవరికి ఏది వేశారో వేసినవాళ్లకు కూడా తెలియకుండా. 1979 నాటికి తేలిన ఫలితం చూసి ప్రపంచమంతా విస్తుపోయింది. పెద్దవాళ్లలో ఊపిరితిత్తుల టీబీ నుంచి ఏ రక్షణా లేదు. 15 ఏళ్లు చూసినా అదే. ఎందుకంటే మన వేడి ప్రాంతాల్లో మట్టిలో, నీళ్లలో టీబీకి దూరపు చుట్టాల్లాంటి క్రిములు బోలెడు ఉంటాయి. చిన్నప్పటి నుంచి అవి తగులుతూ ఉండటంతో తర్వాత వేసిన టీకాకు కొత్తగా చేయడానికి ఏమీ మిగలదని చాలామంది శాస్త్రవేత్తల వివరణ. ఆ ఫలితాన్ని దాచకుండా బయటపెట్టడం మన దేశం చేసిన గొప్ప పని అని నేను గట్టిగా నమ్ముతాను. బళ్లలో పెద్ద పిల్లలకు వేయడం మీద ఆశ తగ్గింది, ఇతర క్రిములేవీ తగలకముందే, పుట్టగానే వేయాలన్న పద్ధతి బలపడింది. 1978లో మొదలైన దేశవ్యాప్త టీకాల కార్యక్రమంలో చంటిపిల్లల జాబితాలో బీసీజీ ఉంది, ఇప్పటికీ ఉంది.

ఇంకొక్క మాట. ఆరోగ్యవరం లాంటి శానిటోరియంల కాలం ముగిసింది కూడా మద్రాసులో తేలిన సంగతి వల్లే. 1956లో మొదలైన అధ్యయనంలో, ఇరుకు ఇళ్లలో, అంతంతమాత్రం తిండితో ఉండి మందులు వేసుకున్నవాళ్లకు కూడా శానిటోరియంలో పడుకున్నవాళ్లతో సమానంగా నయమైంది. మందు సక్రమంగా మింగడమే ముఖ్యమని అప్పుడు తెలిసింది.

ప్రశ్న (తాడిపత్రి): బండల పాలిష్ ఫ్యాక్టరీలో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాను. మాతో పనిచేసే ఇద్దరికి టీబీ వచ్చింది. నాకూ రెండు నెలలుగా దగ్గు, సాయంత్రం ఒళ్లు వెచ్చగా ఉంటుంది. పెద్దవాళ్లకు కూడా బీసీజీ వేస్తున్నారని విన్నాను. నేను వేయించుకోవచ్చా?

జవాబు: అన్నా, టీకా సంగతి పక్కన పెట్టండి. రెండు నెలల దగ్గు, సాయంత్రం జ్వరం అంటే మీకు ముందు కావలసింది కళ్లె పరీక్ష. ఈ పత్రిక మడిచి పెట్టేసి రేపు పొద్దున్నే ప్రభుత్వ ఆసుపత్రికి పోండి. ట్రూనాట్ అనే పరీక్ష చేస్తారు, గంటల్లోనే క్రిమి ఉందో లేదో, ముఖ్యమైన మందుకు లొంగుతుందో లేదో రెండూ చెప్పేస్తుంది. పరీక్షకు ఇచ్చేది ఉమ్మి కాదు, లోతుగా ఊపిరి పీల్చి, గుండెల్లోంచి దగ్గి తీసిన కళ్లె. ఉత్త ఉమ్మి ఇచ్చి 'ఏమీ లేదన్నారు' అని తిరిగొచ్చి మూడు నెలలకు రక్తం కక్కుకుంటూ వచ్చినవాళ్లు ఉన్నారు. ఎక్స్‌రే కూడా తీయించుకోండి.

మీ పనికీ ఈ జబ్బుకూ సంబంధం ఉంది. బండ కోసేటప్పుడు, అరగదీసేటప్పుడు లేచే సన్నటి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. టీబీ క్రిమిని మింగి చంపాల్సిన కణాలనే అది దెబ్బతీస్తుంది. అందుకే ఈ పనివాళ్లలో టీబీ ఎక్కువ. మొహానికి తువ్వాలు చుట్టుకుంటే ఆ దుమ్ము ఆగదు. నీళ్లు పోస్తూ కోయాలి, దుమ్ము లాగే ఫ్యాన్లు ఉండాలి, సరైన మాస్కులు ఇవ్వాలి. ఇది యజమాని బాధ్యత. తాడిపత్రిలోనూ బేతంచెర్లలోనూ బండల మీద బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి, ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించడం వాళ్ల విషయంలో దయాధర్మం కింద చూడకూడదు.

పెద్దల బీసీజీ నిజమే. 2024లో దేశంలో ఎంపిక చేసిన జిల్లాల్లో అధ్యయనంగా వేశారు, 60 దాటినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, పొగతాగేవాళ్లు, బాగా బక్కగా ఉన్నవాళ్లు, ఈమధ్యే టీబీ నయమైనవాళ్లు, టీబీ రోగి ఇంట్లో ఉన్నవాళ్లు ఇట్లాంటి వారికి. పెద్దవాళ్లకు ఇది ఎంత ఉపయోగమో తేల్చడానికే ఆ ప్రయత్నం. బయట డబ్బులిచ్చి వేయించుకునేది కాదు. పెద్దల కోసమే తయారైన ఎం72 అనే కొత్త టీకా మీద 2024 నుంచి దక్షిణాఫ్రికా మొదలుకొని పెద్ద పరీక్ష జరుగుతోంది. ఇదివరకటి చిన్న పరీక్షలో, ఒంట్లో క్రిమి దాగి ఉన్న పెద్దల్లో దాదాపు సగం మందికి జబ్బు రాకుండా ఆపింది. నేను చాలా ఆశ పెట్టుకున్నాను దాని మీద. కానీ అన్నా, మీరు దాని కోసం ఆగొద్దు.

ప్రశ్న (కర్నూలు): మా నాన్నకు మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ తీశారు. ఇప్పుడు వారానికోసారి టీబీ టీకా మందు లోపలికి ఎక్కిస్తామంటున్నారు. తప్పు రాశారేమోనని భయమేస్తోంది.

జవాబు: తప్పేమీ కాదు. కెనడాలో డాక్టర్ మొరాలెస్ 1976లో మొదలుపెట్టిన వైద్యం ఇది, కండలోకి దిగని పైపొర క్యాన్సర్లకు ఈరోజుకీ మంచి మందుల్లో ఒకటి. బీసీజీ క్రిములు అక్కడ చేరగానే శరీరం తన సైన్యాన్ని అటు తోలుతుంది, ఆ ఊపులో మిగిలిన క్యాన్సర్ కణాలను కూడా చంపేస్తుంది. మామూలుగా మొదట వారానికోసారి ఆరు వారాలు ఇస్తారు. మందు రెండు గంటలు లోపల ఆపుకోవాలి, తర్వాత ఆరు గంటల దాకా కూర్చునే మూత్రం పోయాలి, ప్రతిసారీ బ్లీచింగ్ వేసి కాసేపు ఆగి నీళ్లు కొట్టాలి. మంట, కొద్దిపాటి జ్వరం మామూలే. పెద్ద జ్వరం వచ్చి రెండో రోజుకు కూడా తగ్గకపోతే వెంటనే వైద్యం చేస్తున్న డాక్టరుకు ఫోన్ చేయండి, ఆలస్యం చేయొద్దు.

ప్రశ్న (జమ్మలమడుగు): పుట్టింట్లో కాన్పు అయింది. టీకా వేయించడానికి పోతే 'ఇంకా పిల్లలు రాలేదు, ఒక్క బిడ్డకు సీసా తెరవలేం, వచ్చే వారం రండి' అన్నారు. రెండుసార్లు అట్లాగే పంపించారు. బిడ్డకు రెండు నెలలు నిండుతున్నాయి. ఇప్పుడు వేయించవచ్చా, ఆలస్యం అయిపోయిందా?

జవాబు: వేయించవచ్చమ్మా, ఏడాది నిండేలోపు ఎప్పుడైనా వేస్తారు. కాకపోతే ఎంత తొందరగా వేయిస్తే అంత మంచిది, ఎందుకంటే ఈ టీకా అవసరమయ్యేది ఈ తొలి నెలల్లోనే. వాళ్లు చెప్పిన దాని వెనక కారణం లేకపోలేదు. బీసీజీ పొడి రూపంలో, వెలుతురు తగలకుండా గోధుమరంగు సీసాలో వస్తుంది. ఒక సీసాలో చాలామంది పిల్లలకు సరిపడా మందు ఉంటుంది, సెలైన్ కలిపిన నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాల్సిందే, పోలియో చుక్కల్లా మరో రోజుకు దాచడానికి లేదు. అయినా సరే, మందు వృథా అవుతుందని బిడ్డను వెనక్కి పంపడం నేను ఒప్పుకోను. వృథా అయిన మందు మళ్లీ తెప్పించుకోవచ్చు. రెండుసార్లు తిరిగిపోయిన తల్లి మూడోసారి వస్తుందన్న నమ్మకం లేదు.

మీరు ఇట్లా చేయండి. మీ ఆశా కార్యకర్తకు ముందే ఫోన్ చేసి టీకాల రోజు ఏదో కనుక్కోండి, ఆ చుట్టుపక్కల టీకా పడని పిల్లలు ఇంకెవరైనా ఉంటే అందరూ ఒకేసారి పోండి. లేదా నేరుగా కాన్పులు ఎక్కువగా జరిగే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి పోండి, అక్కడ పుట్టిన పిల్లలకు రోజూ వేస్తుంటారు కాబట్టి సీసా తెరిచే ఉంటుంది. తల్లీబిడ్డల కార్డు మర్చిపోవద్దు. నెల దాటిన బిడ్డ కాబట్టి మోతాదు 0.05 కాదు, 0.1 మిల్లీలీటరు, వేసేవాళ్లకు బిడ్డ పుట్టిన తేదీ చెప్పండి. ఆరు వారాలకు పడాల్సిన మిగతా టీకాలు కూడా బాకీ ఉంటే అదే రోజు వేయించవచ్చు, వేర్వేరు చోట్ల వేస్తారు, వేరే రోజు రావాల్సిన పనిలేదు.